వనమానవునికి తోడెవ్వరు?

మలయా భాషలో 'ఒరాంగ్' అనగా మనిషి, 'హుటాన్' అనగా అడవి. బోర్నియో, సుమత్రా దీవులలో చెట్లపై బ్రతికే ఎర్రజుట్టు వానరానికి ఈ రెండు మాటలూ కలిసి ఒరాంగుటాన్ అని పేరైనవి. చింపాంజీవలె అది గుంపు కట్టదు. ఎదిగిన మగది ఒంటరిగా తిరుగును. ఆడది బిడ్డతో తిరుగును. ఈ ఏకాంతానికి మూలం స్వభావం కంటె ఆకలియే. పండ్లచెట్లు అడవిలో దూరదూరంగా ఉండును. నలుగురు చేరినచో ఒక చెట్టు చాలదు. ఆహారం సమృద్ధిగా దొరికే సుమత్రా అడవులలో ఈ జీవులే తరచుగా కలిసి మెలగును.

అది బంధమెరుగని ప్రాణి కాదు. తల్లి బిడ్డను ఆరేడేండ్లు వెంట త్రిప్పుకొనును. ఏ పండు తినదగినది, రాత్రికి కొమ్మలు వంచి పడక ఎట్లు అల్లవలెను అనునవి బిడ్డ తల్లిని చూచియే నేర్చుకొనును.

జంతుప్రదర్శనశాలలో తిండి వేళకు అందును గనుక ఆకలి విధించిన ఏకాంతం సడలును. ఒకే ఆవరణలోని జంట ప్రక్కప్రక్కన కూర్చుండుట, ఆడుకొనుట, ఒకదాని చేతి పండును మరొకటి అడుగుట పాలకులు చూచిన విషయాలే. కాని రెండింటిని ఒకచోట చేర్చినంత మాత్రాన స్నేహం కుదరదు. మగది ఆడదానికి దాదాపు రెట్టింపు బరువుండును. అందుచే మొదట కమ్మీలకు ఇరువైపులా ఉంచి, ఒకదానికొకటి అలవాటైన పిమ్మటనే కలుపుదురు.

మన దేశంలో ఈ తోడు కరవైన కథ ఒకటున్నది. 2003లో పూనా నుండి ఒడిశాలోని నందన్‌కానన్‌కు చేరిన బిన్నీ అను ఆడ ఒరాంగుటాన్ అక్కడ తన జాతివారెవ్వరూ లేకయే జీవించి, 2019 మే నెలలో, 41 ఏండ్ల వయసులో మరణించెను. ఆనాటికి దేశంలోని జంతుప్రదర్శనశాలల్లో అదొక్కటే ఒరాంగుటాన్ అని పత్రికలు వ్రాసినవి. తిండికి, వైద్యానికి లోటు లేదు. లేనిదల్లా తన భాష తెలిసిన మరొక ప్రాణి.

ఉప్పల్ దారిలో, నాచారానికి సమీపంగా, 1977లో స్థాపితమైన సి.సి.ఎం.బి. పరిశోధనాలయం ఉన్నది. అత్తాపూర్‌లోని దాని వన్యప్రాణి విభాగంవారి కృషి ఫలితంగా 2006లో కృత్రిమ గర్భధారణచే చుక్కల దుప్పి పిల్ల జన్మించినది. అంతరించే జాతులకిది గొప్ప ఆశ. 2017లో శాస్త్రజ్ఞులు వేరు జాతిగా గుర్తించిన తపనూలి ఒరాంగుటాన్లు ఎనిమిది వందలకు మించి లేవు. ఇట్టి ప్రాణులకు విజ్ఞానం సంతానాన్ని ఈయగలదేమో. సాంగత్యాన్ని మాత్రం ప్రయోగశాల సృష్టించలేదు.

ఉప్పల్, నాచారం బడుల పిల్లలు బహదూర్‌పురాలోని నెహ్రూ జంతుప్రదర్శనశాలకు పోయినప్పుడు, ప్రతి బోను ముందు "ఇది ఏమి తినును?" అని అడుగుట సహజం. "ఇది ఎవరితో ఉండును?" అను ప్రశ్నను కూడా ఉపాధ్యాయులు నేర్పవలెను. బంధించిన ప్రాణికి మనిషి చేయవలసిన న్యాయం ఆ రెండవ ప్రశ్నతోనే ఆరంభమగును.