ఇద్దరి పడవ - ఏది కొనాలి?

(ధ్యానమునకు: లూకా 14:28-30, ప్రసంగి 4:9-10)



మా సంఘములోని ఒక కుటుంబము ఈ మధ్య ఒక ప్రశ్నతో మా దగ్గరకు వచ్చింది. తండ్రి పట్టిసీమ రేవులో పుట్టి పెరిగినవాడు. కొడుకు పట్నములో ఉద్యోగము చేసుకొంటూ నెలకొకసారి ఇంటికి వస్తాడు. వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి సాయంత్రము పూట గోదావరి మీద కాసేపు తిరగాలని, గాలము వేసి కూరకు నాలుగు చేపలు తెచ్చుకోవాలని వారి ఆశ. అందుకు ఇద్దరు పట్టే పడవ కావాలి. తండ్రి నాటు పడవ అంటాడు, కొడుకు కయాక్ అంటాడు. "మీరే చెప్పండి అయ్యగారూ" అని తల్లి అడిగింది. ఆమె దిగులు పడవ రకము గురించి కాదు. తండ్రికి ఈత వచ్చు, కొడుక్కి రాదు.

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చొని లెక్క చూచుకొంటాడని ప్రభువు చెప్పిన ఉపమానము మనకు తెలుసు. పడవ కొనేవాడూ అట్లే కూర్చొని లెక్క చూచుకోవాలి. ఆ లెక్కలో డబ్బు ఒక భాగము మాత్రమే. మేము తెలిసినవారిని అడిగి, రేవులో పెద్దలతో మాట్లాడి తెలిసికొన్న సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము.

కయాక్ అంటే ఏమిటి?

ఇది కొత్త వస్తువు కాదు. ఉత్తర ధ్రువపు మంచు సముద్రాలలో ఇన్యూట్ ప్రజలు ఎముకలతో, కొయ్యతో చట్రము కట్టి, దానిపై సీలు చర్మము బిగించి, ఒక్కడు కూర్చొని వేటకు పోయే సన్నని పడవ అది. రెండు వైపులా రెక్కలున్న ఒకే తెడ్డుతో దానిని నడుపుతారు. ఇప్పుడు దానిని గట్టి ప్లాస్టిక్‌తో పోత పోస్తున్నారు. ఇద్దరు కూర్చునేది సాధారణముగా 12 నుండి 14 అడుగుల పొడవు, రెండున్నర నుండి మూడడుగుల వెడల్పు, 30 నుండి 40 కిలోల బరువు ఉంటుంది.

ఇందులో రెండు రకాలు. ఒకటి లోపల కాళ్లు చాపుకొని కూర్చునేది, రెండవది పైన కూర్చునేది. లోపల కూర్చునేది తిరగబడితే నీరు నిండిపోతుంది; నేర్పు లేనివాడు నది మధ్యలో ఆ నీరు తోడి మళ్లీ ఎక్కలేడు. పైన కూర్చునే దానికి అడుగున రంధ్రాలుంటాయి. పైన పడిన నీరు వాటి గుండా తానే పోతుంది. పడినవాడు పక్కనుండి ప్రాకి ఎక్కగలడు. మనవంటి వెచ్చని నీటి ప్రాంతములో, కొత్తవారికి, గాలము వేసేవారికి ఈ రెండవదే మేలు.

మన పడవల మాట

కొయ్య నావ మన తాతల నాటిది. బరువుగా ఉంటుంది గనుక కెరటానికి తొందరగా ఊగదు. వల విసిరేవాడు నిలబడడానికి చోటుంటుంది. అయితే ప్రతి ఏడు గట్టుకు లాగి, పలకల సందులు పూడ్చి, తారు పూయాలి. ఇద్దరే దానిని ఒడ్డుకు లాగలేరు. ఫైబర్ పడవ తేలిక, నీరు పీల్చదు. రాయి తగిలి పగిలితే ఊరిలోనే అతుకు వేయించుకోవచ్చు. ప్లాస్టిక్ కయాక్ దెబ్బకు ఓరుస్తుంది గాని, నిజముగా చీలితే బాగుచేసేవాడు దొరకడము కష్టము. ఎండలో పడవేస్తే పెళుసెక్కుతుంది, నీడన ఉంచాలి. కొల్లేటి తాటిదోనె, కృష్ణ, తుంగభద్రల మీది పుట్టి వాటి వాటి నీళ్లకు తగినవి. ఏ పడవైనా అది పుట్టిన నీటికి తగినట్లే ఉంటుంది.

కాబట్టి మా మాట ఇది. వల విసరాలంటే నావ గాని, వెడల్పైన ఫైబర్ పడవ గాని తీసుకోవాలి. కూర్చొని గాలము వేయడానికి, సాయంత్రపు షికారుకు వెడల్పైన కయాక్ చాలును. కయాక్‌లో నిలబడి వల విసరబోతే ఇద్దరూ నీళ్లలో ఉంటారు.

బరువు లెక్క

పడవ మీద 250 కిలోలు మోస్తుందని వ్రాసి ఉంటే, అంత బరువూ వేయమని అర్థము కాదు. అంతదాకా వేస్తే అంచు నీటికి దగ్గరై, తెడ్డు బరువెక్కుతుంది. మూడింట రెండొంతులతో ఆగాలి. తండ్రి 60 కిలోలు, కొడుకు 70, తాడు, గాలాలు, మంచినీళ్లు, అన్నము క్యారేజీ కలిపి 20, దేవుడిస్తే చేపలు ఇంకొక 15. మొత్తము 165 కిలోలు. అంటే 250 కిలోల పడవ వీరిద్దరికి సరిగ్గా సరిపోయింది. "పిల్లవాడే గదా, మధ్యలో కూర్చుంటాడు" అని మూడవవానిని ఎక్కించడానికి అందులో చోటు లేదు. అలాగే ఒడ్డునుండి ఇంటిదాకా దానిని మోసేదెవరో కొనకముందే ఆలోచించాలి.

మన గోదావరి

పట్టిసీమ దగ్గర నది చూడడానికి ప్రశాంతము. వీరభద్రస్వామి గుడి ఉన్న కొండకు శివరాత్రినాడు వేలమంది లాంచీలపై దాటుతారు. వేసవిలో ఇసుక తిన్నెలు బయటపడతాయి. కాని తిన్నె అంచున మోకాలి లోతు ఉన్నచోట రెండడుగులు వేస్తే నిలువు లోతు రావచ్చు.

2021 జూన్ నుండి గోదావరి ప్రవాహము పోలవరం స్పిల్‌వే మీదుగా మళ్లింది. ఎగువన గేట్లనుండి వదిలే నీటినిబట్టి మన దగ్గర మట్టము మారుతుంది. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల 24 పంపులు పనిచేసేటప్పుడు 8,500 క్యూసెక్కుల దాకా నీరు లాగుతాయి. ఆ దరికి చిన్న పడవ పోరాదు. ధవళేశ్వరములో నీటిమట్టము 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ హెచ్చరిక వచ్చేదాకా ఆగవద్దు. నీరు ఎర్రబారి, చెత్త కొట్టుకొని వస్తుంటే పడవ ఒడ్డునే కట్టివేయాలి. జూలై నుండి అక్టోబరు వరకు ఈ షికారు మాటే వద్దు. పులస మీద ఆశ ఉన్నవారు ధవళేశ్వరము దిగువ రేవులలో కొనుక్కొని తినడమే క్షేమము.

మేము ఒప్పుకోవలసినది

2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోయే బోటు కచ్చులూరు దగ్గర మునిగి సుమారు 50 మంది చనిపోయారు. నది అప్పుడు వరద మీద ఉంది. ఆ ఆదివారము సాయంత్రము మా సంఘము కన్నీటితో ప్రార్థించింది. అయినా తరువాతి నెలలలో మేమే నది అవతలి కూటమునకు పోతూ, పడవవాడు లైఫ్ జాకెట్ ఇస్తే ప్రక్కన పెట్టి, "ప్రభువు చూచుకొంటాడులే" అన్నాము. అది విశ్వాసమని అప్పుడు అనుకొన్నాము. మా వెనుక కూర్చున్న యౌవనస్థులు ముగ్గురు మమ్మును చూచి తమ జాకెట్లు కూడా తీసి క్రింద పెట్టారు. ఆ రోజు ఏమీ జరుగలేదు గాని, ఆ దృశ్యము ఇప్పటికీ మమ్మును గద్దిస్తూనే ఉంది. దేవాలయ శిఖరమునుండి దూకుమన్న శోధకునికి ప్రభువు ఇచ్చిన జవాబు (మత్తయి 4:7) మేము ఎన్నిసార్లో ప్రసంగించాము. మా మీదికి వచ్చినప్పుడు మరచితిమి.

అందుచేత ఆ తల్లితో మేము చెప్పినది ఇది: "అమ్మా, పడవకంటె ముందు రెండు జాకెట్లు కొనండి. బరువుకు తగిన కొలత చూచి, భుజాల దగ్గర పట్టి పైకి లాగితే గడ్డము దాటి రాకుండా బిగువుగా ఉన్నవి తీసుకోండి. ఈత వచ్చిన మీ ఆయన కూడా తొడగాలి. తండ్రి తొడగనిది కొడుకు తొడగడు."

ఇద్దరూ ఒక్క తెడ్డుగా

ఇద్దరి పడవలో బరువైనవాడు వెనుక కూర్చోవాలి. ముందున్నవాడు తెడ్డు వేసే తాళాన్ని వెనుకవాడు అనుసరించాలి. దారి మళ్లించే పని మాత్రము వెనుకవానిది. ఎవరికి వారు తమ తోచినట్లు వేస్తే తెడ్లు ఒకదానికొకటి తగిలి, పడవ ఉన్నచోటనే తిరుగుతుంది. ఒకరి పడవకంటె ఇద్దరి పడవలో తగవులు ఎక్కువని నడిపినవారు నవ్వుతూ చెబుతారు. భార్యాభర్తలు ఈ మాట తమ ఇంటికి అన్వయించుకోవచ్చును. ఒకడు పడితే లేవనెత్తుటకు రెండవవాడుండుట మేలని జ్ఞాని చెప్పినది నీటిమీద అక్షరాలా నిజము.

తండ్రీ కొడుకులు మా మాట విన్నారు. ముందు జాకెట్లు వచ్చాయి. కొడుకు సెలవులకు వచ్చినప్పుడెల్లా తండ్రి దగ్గర కాలువలో ఈత నేర్చుకొంటున్నాడు. ఇరవై అయిదేండ్ల కొడుకు నడుము క్రింద చేయిపెట్టి తండ్రి నీళ్లలో నిలబడి ఉండడము గట్టుమీదనుండి తల్లి చూస్తూ ఉంటుంది. సంక్రాంతి తరువాత, నీరు తేటపడ్డాక, తెలిసినవారి పడవ రెండు మూడుసార్లు అడిగి తీసుకొని నడిపి చూచి, అప్పుడు ఏది కొనాలో తేల్చుకొంటారట. మేము కూడా మా కూటపు ప్రయాణానికి జాకెట్లు కొన్నాము. ఇప్పుడు పడవ ఎక్కకముందే తొడిగి, తరువాత ప్రార్థన చేస్తున్నాము.

గాలిని, అలలను గద్దించిన ప్రభువు మన నదీతీర కుటుంబాలన్నిటిని కాపాడి, మనకు వివేకము కూడా దయచేయును గాక. ఆమేన్.