పాత మోటారు పడవకు పునర్జీవనము

1912వ సంవత్సరమున బ్రిటిష్ నౌకాదళము కొరకు నిర్మింపబడిన ఒక చిన్న ఆవిరి పడవ కాలక్రమమున పనికిరానిదై మూలపడినది. టైటానిక్ ఓడ మునిగినపుడు ప్రాణములతో బయటపడిన అధికారులలో ఒకరైన చార్లెస్ లైటోలర్ 1929లో దానిని కొని, మోటారు అమర్చి, ‘సన్‌డౌనర్’ అని పేరిడెను. 1940 జూన్ 1వ తేదీన ఆయన ఆ పడవను డంకర్కునకు నడిపి, దాదాపు 130 మందిని ఇంగ్లండు తీరము చేర్చెను. పారవేసిన కొయ్య ఇన్ని ప్రాణములను మోసినది!

అయితే పాత పడవలన్నియు ఇట్లు లేచి నిలువవు. ‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అని పెద్దలు చెప్పిరి. పడవ బాగుచేయుటయు ఆ వరుసలోనిదే. కావున డబ్బు చెల్లించుటకు ముందే పరీక్ష జరుగవలెను.

ఇందుకు కావలసిన పరికరములు రెండే: ఒక చిన్న సుత్తి, ఒక మొనదేలిన ఆర. సుత్తితో తట్టినపుడు గట్టి కొయ్య ఖంగుమనును. కుళ్ళిన కొయ్య మొద్దుగా పలుకును. అట్టిచోట ఆర సులభముగా దిగును. ఉప్పునీటికంటె వాననీరే కొయ్యకు ఎక్కువ కుళ్ళు తెచ్చును. అందువలన పైకప్పు క్రింద, మూలలయందు, యంత్రమును మోయు దూలముల వద్ద శ్రద్ధగా చూడవలెను. సముద్రపు నీటిలో తిరిగిన పడవయైనచో ఓడపురుగు లోపలి నుండి తొలిచి, పైకి చిన్న రంధ్రములు మాత్రమే చూపును. అడుగుదూలము, ప్రక్కటెముకలవంటి బద్దలు చాలవరకు చెడినచో ఆ పడవను విడుచుటయే పొదుపు.

యంత్రము బిగుసుకొని యున్నచో వెంటనే బలవంతముగా త్రిప్పరాదు. సిలిండర్లలో కొంచెము నూనె పోసి, కొన్ని దినములు నాననిచ్చి, చేతితో మెల్లగా కదల్పవలెను. ఇంజను ఆయిలు పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని గ్రహింపవలెను. పాత ఇంధనమును తీసివైచి టాంకీని కడుగవలెను. ఎండి పెళుసుబారిన రబ్బరు గొట్టములను, నీటి పంపులోని రబ్బరు చక్రమును మార్చుటకు ఖర్చు స్వల్పము. మార్చకున్న నష్టము అధికము.

ధనము కొద్దిగా ఉన్నపుడు వరుస తప్పరాదు. మొదట నీటి మట్టమునకు దిగువనున్న భాగము, పిదప చుక్కాని, ఇంధనపు గొట్టములు, విద్యుత్తు తీగెలు, అటుపిమ్మట యంత్రము, చిట్టచివర రంగు. చాలమంది మొదట రంగు వేసి మోసపోవుదురు. గీకుట, తోముట మున్నగు పనులు మనమే చేసికొన్నచో కూలి మిగులును. పలకలు మార్చు పనిని మాత్రము అనుభవజ్ఞుడైన వడ్రంగికి అప్పగింపవలెను.

పలకల సందులలో పత్తిదారము దట్టించునపుడు మితము పాటింపవలెను. ఎండిన కొయ్య నీటిలో ఉబ్బును. సందులు మరీ బిగువైనచో పలకలు మేకులనుండి ఊడును. తొలిసారి నీటిలో దింపినపుడు కొంత నీరు ఊరుట సహజము. పంపు సిద్ధముగా నుంచి, ఒకటి రెండు దినములు కనిపెట్టి యుండవలెను.

2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి పెక్కుమంది మరణించిరి. మన దేశమున లోతట్టు జలములలో యంత్రముతో నడచు నావలకు తనిఖీని, రిజిస్ట్రేషనును 2021 నాటి చట్టము విధించుచున్నది. లైఫ్ జాకెట్ల వద్ద పొదుపు తగదు.

విద్యార్థి మిత్రులారా! పాతదానిని నిలబెట్టుట గొప్పయే. కాని నిలబెట్టిన పడవలో మన సొంత తోబుట్టువులను నిశ్చింతగా కూర్చుండబెట్టగలమా? ఔనని చెప్పగలిగిన నాడే ఆ పని ముగిసినట్లు.