అభ్యసన సోపానం

సత్తెనపల్లి పరిసరాలలోని నల్లరేగడి భూములు పత్తికి, మిరపకు ప్రసిద్ధి. శీతకాలంలో పత్తి తీతలు, ఆపై వేసవి వరకు మిరపకోతలు సాగుతాయి. ఆ రోజులలో కూలీ కుటుంబాల పిల్లలు కొందరు పెద్దలవెంట చేలకు వెళతారు. మరికొందరు ఇంటివద్ద చంటిబిడ్డలను చూచుకొంటారు. వారు తిరిగి బడికి వచ్చేసరికి పాఠాలు ఎంతో ముందుకు సాగిపోయి ఉంటాయి. వెనుకబడిన పిల్లవాడు క్రమంగా బడికే దూరమవుతాడు. ఇది పిల్లవాని లోపమా? అందరినీ ఒకే వేగంతో నడిపింపజూచే తరగతి లోపమా? ఈ ప్రశ్నకు సమాధానం రాయలసీమలో జరిగిన ఒక ప్రయోగంలో లభిస్తుంది.

మదనపల్లెలో జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి (1895-1986). భయం, పోటీ ఉన్నచోట నిజమైన అభ్యసనం జరగదని ఆయన భావించారు. ఆ భావాల పునాదిపై మదనపల్లె సమీపంలో నడుస్తున్న రిషివ్యాలీ విద్యాసంస్థ, 1980వ దశకం చివరలో చుట్టుపక్కల పల్లెలలో చిన్న బడులను నెలకొల్పసాగింది. ఒకే ఉపాధ్యాయుడు, ఒకే గది. అందులోనే వేర్వేరు తరగతుల పిల్లలు. ఈ పరిస్థితికి తగిన బోధన పద్ధతిని పద్మనాభరావు, రమ దంపతులు రూపొందించారు.

వారు పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కృత్యాలుగా విడదీసి కార్డులపై ముద్రించారు. ఆ కృత్యాల వరుసను తెలిపే పటమే అభ్యసన సోపానం. పిల్లవాడు పటంలో తాను చేరిన మెట్టును గుర్తించి, తగిన కార్డును తానే తెచ్చుకొంటాడు. పిల్లలు తరగతులవారీగా కాక, తమకు కావలసిన సహాయాన్ని బట్టి కూర్చుంటారు. కొత్త విషయం నేర్చేవారు ఉపాధ్యాయుని చెంత, అభ్యాసం చేసేవారు తోటిపిల్లలతో, పట్టు సాధించినవారు స్వయంగా పనిచేస్తారు. తోటివానికి నేర్పిన బాలునికి తన పాఠం మరింత స్థిరపడుతుంది. కొన్ని వారాలు రాలేకపోయిన విద్యార్థి తాను ఆగిన మెట్టునుండే మళ్లీ మొదలుపెడతాడు. అతనిని విడిచి తరగతి వెళ్లిపోదు.

ఊరు కూడ ఈ బడిలో భాగస్వామియే. మెట్రిక్ మేళాలలో పిల్లలు తల్లిదండ్రుల ఎదుట తూకాలు, కొలతలు, లెక్కలు చేసి చూపుతారు.

ఈ పద్ధతి స్ఫూర్తితో 2003లో చెన్నై నగరపాలక పాఠశాలలలో కృత్యాధార బోధన ప్రారంభమై, 2007 నాటికి తమిళనాడు అంతటా విస్తరించింది. అయితే కార్డులు పంచినంతమాత్రాన బడి మారదు. ప్రతి పిల్లవాడు ఏ మెట్టుపై ఉన్నాడో ఎరిగి, ఓర్పుతో చేయూతనిచ్చే ఉపాధ్యాయుడే దానికి ప్రాణం.

2009 నాటి విద్యాహక్కు చట్టం కూడ బోధన బాలకేంద్రితంగా, భయరహితంగా సాగాలని నిర్దేశించింది. బడిలో పేరు నమోదు చేయడంతో ఆ హక్కు నెరవేరదు. ఆలస్యంగా వచ్చిన బిడ్డకు సైతం తన మెట్టు తనకోసం వేచి ఉన్నప్పుడే అది సార్థకమవుతుంది.