ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ రావట్లేదా? మదర్‌బోర్డ్ మార్చే ముందు ఇవి చూడండి

ఈరోజు కోడింగ్ పక్కన పెట్టి స్క్రూడ్రైవర్ పట్టుకుందాం.

మొన్న నాన్న ఊరి నుంచి ఫోన్ చేశారు. "ఒరేయ్, కంప్యూటర్ ఆన్ అవుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మీద మాత్రం ఏమీ లేదు. షాపతను వచ్చి చూసి మదర్‌బోర్డ్ పోయింది, 6,500 అవుతుంది, డేటాకి గ్యారంటీ లేదు అంటున్నాడు" అని. నాకు డబ్బు కంటే ఆ డేటా మాటే గుచ్చుకుంది. నానమ్మ ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకో కాపీ లేదు. బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్ జాబ్ చేసి, సొంత ఇంట్లో బ్యాకప్ తీయలేదు నేను!

ముందు ఇది గుర్తుపెట్టుకోండి. మదర్‌బోర్డ్ పోతే హార్డ్ డిస్క్ పోయినట్టు కాదు. రెండూ వేరు. డిస్క్ బాగుంటే, తీసి ఇంకో సిస్టమ్‌కి పెట్టి ఫైల్స్ తీసుకోవచ్చు. బిట్‌లాకర్ ఆన్ చేసి ఉంటే మాత్రం రికవరీ కీ కావాలి. అందుకే రిపేర్‌కి ఇచ్చేటప్పుడు "ఫార్మాట్ కొట్టొద్దు" అని గట్టిగా చెప్పండి.

ఇక వీడియో కాల్‌లో నాన్నతో ఏం చేయించానంటే... మానిటర్ కేబుల్ చూశాం, బాగానే ఉంది. తర్వాత ప్లగ్ పూర్తిగా పీకేసి, పవర్ బటన్ పది, పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోమన్నా. బోర్డులో మిగిలిన కరెంట్ పోతుంది. సైడ్ డోర్ తీసి, ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకోవాలి. మన ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంట్ చిప్‌లకి మంచిది కాదు. ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపల కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంట్ నిలిచి ఉండొచ్చు.

ఇలాంటి కేసుల్లో నా మొదటి అనుమానం ఎప్పుడూ ర్యామ్ మీదే. దుమ్ము, తేమ వల్ల దాని బంగారు రంగు కాంటాక్ట్‌ల మీద పొర పడుతుంది. రెండు పక్కల క్లిప్‌లు వంచి ర్యామ్ తీసి, పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి దులిపేయాలి. నోటితో ఊదకండి, తుంపర్లు పడతాయి. మళ్లీ పెట్టేటప్పుడు గాడి కుదిరిందో లేదో చూసి, టక్ మని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కోటి విడిగా పెట్టి చూడండి. ఏది పోయిందో తెలిసిపోతుంది.

నాన్న భయం భయంగా నొక్కారు, క్లిప్ పడలేదు. "విరిగిపోతుందేమోరా" అంటారు! రెండోసారి గట్టిగా నొక్కాక డిస్‌ప్లే వచ్చింది.

వచ్చింది కానీ డేట్ 2012 చూపిస్తోంది. అది సీమాస్ బ్యాటరీ పని. సీఆర్ 2032 అని అడగండి, గుండ్రటి 3 వోల్టుల బిళ్ల, తక్కువ ధరే. అది వీకైతే డేట్ తప్పిపోయి, బ్రౌజర్‌లో వెబ్‌సైట్లు సేఫ్ కాదని ఎర్రర్ వస్తుంది. చాలామంది వైరస్ అనుకుంటారు.

అదే మీ డిస్క్ టిక్ టిక్ మని కొట్టుకుంటుంటే ఈ ప్రయోగాలేవీ వద్దు. వెంటనే ఆపేసి డేటా రికవరీ వాళ్లకి ఇవ్వండి. తిప్పేకొద్దీ ఇంకా పాడవుతుంది.

మా ఇంట్లో బ్యాటరీ సంగతి మర్నాటికి వాయిదా వేసి, ముందు ఫొటోలు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి పంపించాం. నాన్నేమో ఒక్కో ఫొటో తెరిచి చూస్తూ కూర్చున్నారు. "ముందు కాపీ అవనివ్వండి నాన్నా" అని బతిమాలుకున్నా.