వరద తగ్గిన తరువాత



వానాకాలం వచ్చిందంటే గోదావరి ఒడ్డున కాపురముండే కుటుంబాలకు కంటిమీద కునుకు ఉండదు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నడుమ ఈ నదియే సరిహద్దు. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలు అనేక జిల్లాలుగా విడిపోయినా, ఇరు ఒడ్లవారి కష్టం మాత్రం ఒక్కటిగానే ఉన్నది. ఎగువ నుండి గోదావరి, పక్క నుండి కడెం వాగు, కాళేశ్వరం దగ్గర ప్రాణహిత ఒకేసారి పొంగితే తీరగ్రామాలకు పారిపోయే దారి కూడా మిగలదు.

1986 ఆగస్టు వరదను పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నెల 16న దిగువన భద్రాచలంలో గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో మళ్లీ అటువంటి దినాలే వచ్చాయి. కడెం ప్రాజెక్టు గేట్ల గుండా సుమారు 3 లక్షల క్యూసెక్కులు మాత్రమే పోగలవు. అటువంటి ప్రాజెక్టులోనికి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. దిగువ గ్రామాల ప్రజలను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. దేవుని కృపవలన కట్ట నిలిచింది. మంచిర్యాలలో నది దగ్గరి మాతా శిశు ఆసుపత్రిలోకి నీరు వచ్చి తల్లులను, పసిబిడ్డలను వేరే చోటికి తరలించవలసి వచ్చింది. మంథని వీధులు మునిగాయి. వేమనపల్లి, కోటపల్లి మండలాల పత్తి చేలు ప్రాణహిత నీటిలో కలిసిపోయాయి. జూలై 16న భద్రాచలంలో నీటిమట్టం 71.3 అడుగులు.

ఆ దినాల్లో మేమును మా సంఘమువారును ఊరకుండలేదు. ఆదివారం ఆరాధన తరువాత కానుకలు పట్టాము. స్త్రీల సమాజమువారు పులిహోర పొట్లాలు కట్టారు. యౌవనస్థులు ఇంటింటికి తిరిగి రెండు బస్తాల పాత బట్టలు పోగుచేశారు. అన్నీ ట్రాక్టరులో వేసుకొని మంథని వైపు నది ఒడ్డున ఉన్న ఒక పల్లెకు వెళ్లాము. అప్పటికి నీరు తీసి నాలుగు దినాలైంది. పంచిపెట్టి, ప్రార్థన చేసి, ఫొటో దిగబోతుండగా ఒక తల్లి దగ్గరకు వచ్చి నెమ్మదిగా అన్నది:

"అయ్యగారూ, చీరెలు మంచిగనే ఉన్నయి. పిల్లకు నిన్నటి నుంచి ఒకటే విరేచనాలు. మందేమన్న తెచ్చిన్రా?"

మా దగ్గర ఏమియు లేదు. రెండేండ్ల పిల్ల కండ్లు లోతుకు పోయి, ఏడ్చే శక్తి కూడా లేక తల్లి భుజం మీద వాలి ఉన్నది. నీళ్లు తాపితే విరేచనాలు ఎక్కువవుతాయని ఎవరో చెప్పగా ఆ తల్లి ఉదయం నుండి చుక్క నీరు ఇవ్వలేదు. అది పొరపాటని మాలో ఒక్కరికైనా తెలియదు. మా యౌవనస్థుడొకడు మోటారు సైకిలు మీద తల్లీబిడ్డలను సర్కారు దవాఖానకు చేర్చాడు. సెలైన్ పెట్టారు, పిల్ల బ్రతికింది. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరుగారు చెప్పారట. ఆ మాట విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. రెండు బస్తాల బట్టలు మోసుకుపోయిన మేము, రెండు జేబుల్లో పట్టే మందుపొట్లాలు తీసుకుపోలేదు!

ఒక దాని వెనుక ఒకటి

తరువాత ఆరోగ్య కార్యకర్తలను అడిగి తెలుసుకున్న సంగతి ఇది. వరద ఒక్క దినముతో పోయేది కాదు. మొదటి వారం, రెండవ వారం వాంతులు, విరేచనాలు వస్తాయి. చేదబావిలోనికి, బోరింగు చుట్టూ మురికినీరు చేరడమే దానికి కారణం. రెండు మూడు వారాలు గడిచేసరికి గుంటల్లో నిలిచిన నీటిలో దోమలు పెరిగి చలిజ్వరాలు మొదలవుతాయి. ఆ వెనుక వచ్చేది ఆకలి. ఇంట్లో నిలువ చేసిన గింజలు తడిసి మొలకెత్తుతాయి. పొలాల్లో ఇసుక మేటలు వేస్తుంది. కూలి దొరకదు. పెద్దలు ఒక పూట మానుకుంటారు, పిల్లలు పలుచని గంజితో సరిపెట్టుకుంటారు. తిండి తక్కువైన బిడ్డను రోగం త్వరగా పట్టుకొంటుంది. రోగంతో ఉన్న బిడ్డకు తిన్నది ఒంటబట్టదు.

ఉట్నూరు, తిర్యాణి వైపు గోండు, కొలాము గూడేల సంగతి మరీ కష్టము. వాగు పొంగితే దారి తెగిపోతుంది. గర్భిణిని మంచం మీద మోసుకొని వాగు దాటించిన వార్త దాదాపు ప్రతి వానాకాలం వింటూనే ఉన్నాము.

పెద్ద సహాయం పెద్ద సంస్థలు, ప్రభుత్వం చేస్తాయి. మన ప్రొటెస్టెంట్, ఆర్థడాక్స్ సంఘాల సహాయ సంస్థ 'కాసా' 1947లో దేశ విభజన నాటి కాందిశీకుల కొరకు పుట్టినదే. అయితే లారీలు వెళ్లిపోయిన తరువాత కూడా ఆ పల్లెకు దగ్గరగా ఉండేది మనమే గదా!

ఉప్పు, చక్కెర, నీళ్లు

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో లక్షలాది కాందిశీకులు మన పశ్చిమ బెంగాలులోనికి వచ్చారు. బనగాఁవ్ శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనాబిస్ గారు గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే తాపించారు. నూటికి ముప్పై మంది వరకు చనిపోతున్న చోట మరణాలు నూటికి నలుగురి కంటె తక్కువకు తగ్గాయి. తరువాత 1980 నుండి పదేండ్లలో 'బ్రాక్' సంస్థ కార్యకర్తలు బంగ్లాదేశ్‌లో కోటి ఇరవై లక్షల ఇండ్లకు పైగా తిరిగి, ఉప్పు, బెల్లం కలిపిన నీటిని తయారుచేయడం తల్లులకు నేర్పారు. వరదలు, పేదరికం రెండూ ఉన్న దేశంలో ఎందరో పసిబిడ్డలను కాపాడినది తల్లులు నేర్చుకున్న ఈ చిన్న విద్యయే.

మన తల్లులును నేర్చుకోవాలి. ఓఆర్ఎస్ పొట్లాలు ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతాయి. పొట్లం మీద చెప్పినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం కలపాలి. పొట్లం లేనప్పుడు ఒక లీటరు నీటికి 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి వేయాలి. ఉప్పు ఎక్కువ కాకూడదు. విరేచనమైన ప్రతిసారి రెండేండ్ల లోపు బిడ్డకు పావు నుండి అర కప్పు, పెద్ద పిల్లలకు అర నుండి ఒక కప్పు కొంచెం కొంచెంగా తాపాలి. కలిపిన నీటిని ఒక్క దినం మించి ఉంచరాదు. తల్లిపాలు మాన్పరాదు, అన్నము మాన్పరాదు. జింకు మాత్రలు డాక్టరు చెప్పిన ప్రకారం 10 నుండి 14 దినాలు వేయాలి. విరేచనంలో రక్తం పడినా, బిడ్డ తాగలేకపోయినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయక దవాఖానకు తీసుకుపోవాలి.

బిడ్డ జబ్బ కొలత

ఆకలి కంటికి వెంటనే కనబడదు. అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర రంగుల టేపు ఉంటుంది. ఆరు నెలలు నిండి అయిదేండ్ల లోపు ఉన్న బిడ్డ జబ్బ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్ల కంటె తక్కువ ఉంటే పోషణ చాలలేదని గుర్తు. 11.5 కంటె తక్కువ ఉంటే ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి పంపాలి. వరద తరువాత అంగన్‌వాడీ భవనంలో నీరు నిలిచి బాలామృతం, గుడ్లు ఆగిపోయిన పల్లె ఉంటే ఆ సంగతి అధికారులకు తెలియజేయడం, అంతవరకు పప్పు, గుడ్లు, పల్లీలు, నూనె అందించడం మనము చేయగల పని.

మేము చేసుకున్న ఏర్పాటు

మరుసటి ఏడు వానలకు ముందే మా సంఘములో ఒక తీర్మానం చేసుకున్నాము. కానుకలను రెండు భాగాలు చేస్తాము. సగం మొదటి వారానికి, సగం పత్తి ఏరే కాలం వరకు. ఓఆర్ఎస్ పొట్లాలు, క్లోరిన్ మాత్రలు, దోమతెరలు మే నెలలోనే సిద్ధం చేస్తాము. అరగ్రాము క్లోరిన్ మాత్ర 20 లీటర్ల బిందె నీటికి సరిపోతుంది. బావిలో బ్లీచింగ్ పౌడరు వేయవలసి వస్తే ఏఎన్ఎం అమ్మను పిలిచి, ఆమె చెప్పిన కొలత ప్రకారమే వేస్తాము. గంటసేపు ఆ నీరు తోడనివ్వము. స్త్రీల సమాజమునుండి ఇద్దరిద్దరు చొప్పున వారానికొకసారి అదే పల్లెకు వెళ్లి అవే ఇండ్లు చూస్తారు. కులము అడగము, మతము అడగము. ఆకలిగొన్నవారి యెదుట సువార్త పేరున బేరమాడము. పాత బట్టలు తీసుకుంటాము గాని, ఉతికి మడిచినవే తీసుకుంటాము. మనము కట్టుకోలేనిది ఇతరులకు ఇవ్వడం దానము కాదు.

ప్రియులారా, మంచి సమరయుని సంగతి మనమందరము ఎరుగుదుము. అతడు గాయములకు కట్టు కట్టి వెళ్లిపోలేదు. పూటకూళ్ల ఇంటికి చేర్చి, ఆ రాత్రి కనిపెట్టుకొని ఉండి, మరునాడు డబ్బిచ్చి, ఇంకను ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీర్చుతానని మాట ఇచ్చాడు. మేము ఎన్నోసార్లు ప్రసంగించిన ఆ భాగంలో, తిరిగి వస్తాననిన మాట మాకు అర్థమైనది ఆ తల్లి ప్రశ్న తరువాతనే.

ఈ వానాకాలంలో మీ సంఘము సహాయానికి బయలుదేరితే పులిహోర పొట్లాలు తప్పక తీసుకువెళ్లండి. వాటితోపాటు మందుపొట్లాలు కూడా పట్టుకువెళ్లండి. వచ్చేటప్పుడు మళ్లీ ఏ దినాన వస్తారో ఆ పల్లెవారికి చెప్పి రండి, చెప్పిన దినాన వెళ్లండి.