పరదేశపు పాతగాలముల బేరము

పాతవస్తువును కొనునపుడు మన స్త్రీలు చూపు నేర్పు సామాన్యమైనది కాదు. పాత పట్టుచీరయైనచో మడత విప్పి వెలుతురున కెదురుగా పట్టి చూతురు. ఇత్తడిబిందెయైనచో వ్రేలితో తట్టి నాదము విందురు. బంగారమును గీటురాయి లేక నమ్మరు. కన్ను, చెవి, చేయి మనకు మూడు సాక్షులు. అంతర్జాలపు అంగళ్లలో ఈ మువ్వురును నోరెత్తజాలరు. నాలుగు ఛాయాపటములు, పది మాటలు. కొనువారి కంతకుమించి దొరకదు. అట్టి బేరములలో మిక్కిలి చిక్కైనది యొకటి యీమధ్య మా దృష్టికి వచ్చినది. అది దూరదేశమునుండి వాడిన గాలపుసామగ్రిని తెప్పించుకొనుట.

గాలమనగనే పురుషుల వినోదమని సోదరీమణులు పుట త్రిప్పివేయవలదు. 1922 అక్టోబరు 7న స్కాట్లండునందలి టే నదిలో జార్జీనా బాలంటైన్ అను స్త్రీ 64 పౌనుల సాల్మన్ చేపను పట్టెను; బ్రిటనులో గాలమునకు చిక్కిన సాల్మనులలో దానిని మించినది నేటికిని లేదు. మా అక్కగారి కుమార్తె యొకతె కొలరాడోలో కాపురమున్నది. రెండేండ్ల క్రిందట ఆమెకు రొమ్మున క్యాన్సరు కనబడి శస్త్రచికిత్స జరిగినది. పిదప కుడిచేయి భుజమునకు మించి లేవకుండెను. అమెరికాలో 1996లో ఏర్పడిన కాస్టింగ్ ఫర్ రికవరీ అను సంస్థ యిట్టి స్త్రీలను రుసుము లేకయే కొన్నిదినములు ఏటియొడ్డునకు గొనిపోయి ఫ్లై ఫిషింగ్ అను విద్య నేర్పుచున్నది. దారమును మెల్లగా వెనుకకును ముందునకును విసరు చలనము అట్టి భుజమునకు మంచి వ్యాయామమట. మా అమ్మాయి పోయి నేర్చినది. మనసు కుదిరి, తనకంటూ సామగ్రి కావలెననుకొన్నది. వారు పట్టిన చేపను ముల్లు తీసి తిరిగి నీటనే విడుతురు. ఇది హింస కాదని మేము వాదింపజాలము, ముల్లు ముల్లే. కాని రోగమునుండి లేచిన పిల్లకు ఏటిగాలి వలదని వ్రాయుటకు మాకు చేయాడలేదు.

ఫ్లై యనగా ఈగ. సన్నని గాలపుముల్లునకు ఈకలు, దారము, బొచ్చు చుట్టి ఈగవలె అమర్చుదురు. మామూలు గాలమునకు సీసపుగుండు కట్టి విసరిన, దాని బరువునకు దారము వెంటబోవును. ఈ కృత్రిమపుటీగకు బరువే లేదు. కావున దారమునే బరువుగా చేసి కొరడావలె విసరుదురు. ఈగ దాని ననుసరించును. అందుచేత కఱ్ఱయు దారమును ఒకదానికొకటి తగియుండుట ముఖ్యము. 1960 ప్రాంతమున అమెరికాలో దీనికి అంకెల కట్టుబాటు చేసిరి. దారపు మొదటి 30 అడుగుల బరువే యా లెక్కకు మూలము. 5వ అంకె దారమున ఆ భాగము 140 గ్రెయినులు తూగును, అనగా సుమారు ముప్పాతిక తులము. అంతకు పూర్వపు పట్టుదారములకు మందమును బట్టి అక్షరములుండెడివి, హెచ్.డి.హెచ్. అని వ్రాసియున్న పాతకఱ్ఱను నేటి లెక్కకు సుమారు 6 అనుకొనవచ్చును.

ఇంగ్లండునందలి ఆల్నిక్ పట్టణమున 1872లో వెలసిన హార్డీవారి రీళ్లు, వెదురుకఱ్ఱలు ఆ దేశపు ఇండ్ల అటకలపై నేటికిని దొరకుచున్నవి. తాతలు వాడినవి మనుమలు అమ్ముదురు. క్రొత్తవానికంటె చౌకయని అమెరికావారు వానిని అంతర్జాలమున కొందురు. మా అమ్మాయి చూపును అటే పోయినది. ఏది కొనవచ్చునో చెప్పుమని అమ్మువారి ప్రకటనలు కొన్ని మాకు పంపెను. గాలమును గూర్చి మాకేమి తెలియును? కాని చిన్ననాట మా తండ్రిగారు కావ్యపాఠము చెప్పునపుడు, చెప్పినది యటుండనిమ్ము, చెప్పక విడిచినదేమని అడుగుచుండెడివారు. ఆ ప్రకటనలను మేమట్లే చదివితిమి.

“వయస్సునకు తగిన అరుగుదల” అని యుండును. వయస్సెంత? అరిగినదేది? “ఉన్నదున్నట్లుగా అమ్మబడును” అనిన, పిదప మమ్మడుగవలదని అర్థము. “పటములు చూచి నిర్ణయించుకొనుడు” అని యుండును. చెడినవైపు పటము తీయనిచో నేమి చూతుము? అబద్ధ మొక్కటియు లేదు. నిజములో సగము మాత్రమే యున్నది. మిగిలిన సగము అడిగిననేగాని రాదు, వచ్చినది వ్రాతలో నుండవలయును.

వెదురుకఱ్ఱ సంగతి చూడుడు. అది గుండ్రని బొంగు కాదు. దక్షిణచైనాలో పెరుగు టోంకిన్ వెదురును బద్దలుగా చీల్చి, మూడు పలకలుగా చివ్వి, ఆఱు బద్దలను జిగురుతో నతికి చేసినది. రెండుమూడు తునుకలుగా నుండి, రోకటిపొన్ను వంటి లోహపుగొట్టములతో ఒకదానిలో నొకటి దూర్పబడును. తునుకలన్నియు ఒకే పొడవుండవలయును. కొన విఱుగుట సాధారణము. విఱిగినచోట కోసి, చివర ఉంగరము మరల తగిలించి యమ్ముదురు. పటమున రెండుమూడంగుళముల లోపము కనబడదు. కనుక ఒక్కొక్క తునుక ఎన్ని అంగుళములో కొలిచి వ్రాయుమని అడుగవలయును. బల్లపై దొర్లించిన వంకర యేమైన నున్నదా, బద్దల అతుకు విచ్చినదా, పొన్ను వదులైనదా యనునవి తరువాతి ప్రశ్నలు. కార్బను కఱ్ఱలకు అతుకులవద్ద వెండ్రుకవాసి బీటలుండును. వానికి తయారీదారులిచ్చు హామీ చాలవరకు మొదట కొన్నవారికే గాని, వారివద్ద కొన్నవారికి చెల్లదు.

రీలు విషయమున, క్రిందపడి అంచు వంగినదా, చక్రము రాచుకొనక తిరుగునా, కఱ్ఱకు బిగించు పాదమును ఆకురాయితో నరగదీసిరా యని తెలిసికొనవలయును. మఱియొకటి మా అమ్మాయి అనుభవమున తెలిసినది. కుడిచేత విసరువారు ఎడమచేత చుట్టుట నేడు వాడుక. పెక్కు పాత ఇంగ్లీషు రీళ్లు కుడిచేత చుట్టుటకే యమర్చినవి. అన్నిటిని మార్చుట సులభము కాదు. అలసిన చేయికే మరల పనిబెట్టు రీలు ఎంత చౌకయైన నేమి?

ఆమె మొదట కొన్నది ఎనిమిదడుగుల వెదురుకఱ్ఱ, మూడు తునుకలది. మేము చెప్పినట్లు పొడవులడిగెను. ఒక్కొక్కటి 32 అంగుళములని యమ్మువాడు వ్రాసెను. వచ్చినపుడు కొనతునుక 29 అంగుళములే యున్నది. పటములో చూచియే కొంటివిగదా యని వాడు గద్దించెను. కాని 32 అని తానే వ్రాసిన మాట ఆ యంగడివారి పుటలోనే నిలిచియుండుటచే వాడు సొమ్ము వాపసీయక తప్పలేదు. ఉత్తరప్రత్యుత్తరములు ఆ యంగడి ద్వారముననే జరుపుటయు, సొమ్ము ఆ మార్గముననే చెల్లించుటయు ఇందువలననే ముఖ్యము. “మిత్రులకు పంపినట్లు నేరుగా పంపుడు, కొంత తగ్గింతు” ననువాని తగ్గింపు మనకు వలదు.

వెలకంటె తపాలాకూలి, సుంకము పెద్దవగుట కలదు. బ్రిటిష్ తపాలాలో గొట్టమువంటి కట్ట పొడవు 90 సెంటీమీటర్లు మించరాదు. తొమ్మిదడుగుల కఱ్ఱ రెండు తునుకలదైనచో 137 సెంటీమీటర్లగును, ప్రైవేటు బంగీవారిని వెదకికొనవలసినదే. 2016 నుండి అమెరికాకు 800 డాలర్ల లోపు సరకు సుంకము లేక వచ్చుచుండెను. ఆ మినహాయింపు 2025 ఆగష్టు 29న ఆగిపోయినది. మన దేశమున, బహుమానమను పేర తపాలాలో సుంకము లేక తెప్పించుకొను సదుపాయము 2019 డిసెంబరులో తీసివేయబడినది. ప్రాణరక్షకమైన మందులు, రాఖీలు మాత్రము మినహాయింపు. వెల తక్కువగా వ్రాసి పంపెదమని కొందఱమ్మువారు ఉపకారమువలె చెప్పుదురు. అది నేరము. పైగా కట్ట పోయిన, వ్రాసిన వెలయే తిరిగివచ్చును.

పాత ఈగల పెట్టెలును అమ్మకమునకు వచ్చును. అందు మన అడవులలోని సంగతి యొకటి యున్నది. దక్షిణదేశపు కొండలలో తిరుగు బూడిదవన్నె అడవికోడి మెడయీకలపై మైనపుబొట్టువంటి మెఱుగుచుక్క లుండును. సాల్మను ఈగలకు కన్నులుగా ఆ యీకలనే ఇంగ్లీషువారు వాడిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టమున ఆ కోడి వేట మన దేశమున నిషిద్ధము. ఈకల సరకు సరిహద్దు దాటుటకు ఆయా దేశముల అనుమతులు వేఱుగా కావలయును. లేనిచో పెట్టె యంతయు పట్టుకొందురు. ఈ యీకల పిచ్చి యెంతదూరము పోవుననగా, 2009 జూనులో ఇంగ్లండునందలి ట్రింగ్ ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలనుండి ఒక సంగీతవిద్యార్థి 299 పక్షిచర్మములను దొంగిలించి, అందు పెక్కింటిని, వాని యీకలను ఈగలు కట్టువారికి అంతర్జాలముననే యమ్మెను. ఈ పెట్టెలను మేమైతే కొనుమని చెప్పము.

రెండవసారి మా అమ్మాయికి దొరకిన అమ్మువారు యార్క్‌షైరునందలి యొక వృద్ధురాలు. భర్త గతించెను, ఆయన సామగ్రిని గూర్చి తనకేమియు తెలియదని ప్రకటనలోనే వ్రాసికొనెను. కార్బను కఱ్ఱయొకటి, హార్డీవారి పాత పర్ఫెక్ట్ రీలొకటి, రెండును కలిపి 90 పౌనులు. రీలొక్కటియే అంతకు మూడింతలు చేయునని మా అమ్మాయి పసిగట్టెను. “పిన్నీ, ఆమె యడిగిన వెల ఇచ్చిన తప్పేమి?” అని మాకు వ్రాసెను. చట్టములో తప్పు లేదు. అమ్మువారు తెలిసి దాచినపుడు మనమెంత నొచ్చుకొందుమో, వారు తెలియక యమ్మునపుడు అంత యూరకుందుము. పండితుడు గతించిన యింట తాళపత్రములను తూకమునకు కొనిపోవువారిని మనము చూచియుండలేదా? మేమా మాటయే వ్రాసితిమి.

అమ్మాయి ఆమెకు సంగతి తెలిపెను. రీలును తెలిసినవారికి చూపి యమ్ముకొమ్మనెను. కఱ్ఱమాత్రము 40 పౌనులకు తనకిమ్మని కోరెను. అది నాలుగు తునుకలది, మూడు ఔన్సుల ప్రాంతము బరువు. వృద్ధురాలు కొలతబద్దను ప్రతి తునుక ప్రక్కన నుంచి పటములు తీసి పంపెను. కట్ట వచ్చినరోజున అమ్మాయి విప్పుచు విప్పుచు పటములు తీసి, అతుకులన్నిటిపై గోరు నడిపి చూచి, కఱ్ఱ కూర్చెను. బట్టసంచిమీద ఆ పెద్దాయన సిరాతో 5 అని వ్రాసికొన్నాడట. రీలు అక్కడనే సాధారణమైనది, ఎడమచేత చుట్టునది కొనెను. దారము మాత్రము క్రొత్తది కొనుమని మేము పట్టుబట్టితిమి. ఏండ్ల తరబడి చుట్టియున్న పాతదారము బీటలువాఱి, నీట తేలవలసినది మునుగును. వెల లెక్క వేసికొనునపుడు ఆ దారపు ఖరీదును మొదటనే కలుపుకొనవలెను.