మీకు సెలవు, మాత్రలకు కాదు!

వారమంతా ఆఫీసు పనితో, ఇంటి చాకిరీతో అలసిపోయి, శని ఆదివారాలు శామీర్‌పేట వైపు ఏ హోటల్లోనో హాయిగా గడపాలనుకుంటున్నారా? మంచి ఆలోచనే. అయితే పెట్టె సర్దేటప్పుడు ముందుగా రక్తపోటు మాత్రలు పెట్టుకోండి. "రెండు రోజులేగా!" అని మానేస్తే, కొన్ని రకాల మందుల విషయంలో రక్తపోటు ఒక్కసారిగా పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో వదలకండి.

భోజనంలో ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదు. ఊరగాయ, అప్పడం, సూపు కలిస్తే ఆ హద్దు ఇట్టే దాటిపోతుంది. పిల్లలు ఈతకొలనులో ఉన్నంతసేపూ పెద్దవారొకరు కన్ను తిప్పకుండా చూడాలి. సాయంత్రం కాఫీ మానండి. అర్ధరాత్రి దాకా పేకాట వద్దు. కనీసం 7 గంటలు నిద్రపోండి. సోమవారం ఉదయం ఒళ్ళు తేలికగా ఉంటే మీ విశ్రాంతి ఫలించినట్లే!